గొర్లు నిలబడని చోటు

ధాన్యం పాతరలో ఉన్నవానికి అలివేలు పొద్దుమాపు జొన్న గటక దించింది. వాడు తన తమ్ముడేనన్న నమ్మకం పోయిన తర్వాత కూడా దించింది. ఈ మాట ఆమె ఏనాడూ నోరు విప్పి ఎవరితోనూ అనలేదు. అత్తతో అనలేదు. మొగనితో అనలేదు. బీరప్ప ముందర గొర్రెపిల్లను కోసిన నాడు ఆ దేవునికి కూడా చెప్పుకోలేదు.

మోతెకు అవతల, కోదాడ బాట విడిచి బండి దారిన లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్లది. నిజాం రాజ్యం పోయింది. యూనియన్ మిలిటరీ సూర్యాపేటలో గుడారాలు వేసుకుని ఎర్రజెండా సంఘపోళ్ల కోసం ఊరూరా గాలిస్తున్న రోజులు. మగవాళ్లు దగ్గు వచ్చినా గొంగడి అడ్డం పెట్టుకుని దగ్గేవాళ్లు. అయితే గొర్రెకు మిలిటరీ సంగతి తెలియదు కదా. శివరాత్రి దగ్గరికొచ్చింది, బొచ్చు పెరిగింది, ఎండ ముదరకముందే కత్తిరించాలి. అలివేలు మొగడు బీరయ్య పెద్ద మందను తోలుకుని మిర్యాలగూడ దిక్కు పోయాడు. అక్కడ నిడమనూరు రైతులు కోసిన వరి మళ్లలో ఎరువు కోసం మంద పెట్టించుకుంటారు. ఇంట్లో మిగిలింది అత్త వీరమ్మ, అలివేలు, దొడ్లో కొన్ని చూలు గొర్లు, ఒక ముసలి పొట్టేలు.

ఆనాడు పొద్దుటి నుంచి అత్తాకోడళ్లు కత్తెర పట్టారు. వీరమ్మ పొట్టేలును కాళ్ల మధ్య ఇరికించుకుని బొచ్చంతా తీసి వదిలింది. అది సిగ్గుపడ్డట్టు నిలబడింది.

"సూడే, అచ్చం మీ మామనే," అంది వీరమ్మ. "గొంగడి కప్పుకున్నన్ని దినాలు పెద్దమనిషి. గొంగడి తీస్తే గింతంత!"

అలివేలు నవ్వింది. ఆ నవ్వులో కత్తెర జారి చూపుడు వేలు తెగింది.

"పరాకు గొర్రెకు పనికొస్తది గని మనిషికి పనికి రాదు. గూడు పెట్టుకో," అంది అత్త.

గొర్లు కత్తిరించే ఇండ్లలో ఒక అలవాటు ఉంటుంది. కత్తెర మొన చర్మానికి తగిలి నెత్తురొస్తే సాలెగూడు ఉండ చేసి అదిమి, పైన పసుపు చల్లుతారు. నిమిషంలో నెత్తురు ఆగిపోతుంది. అందుకే కత్తిరించే రోజు తెల్లవారక ముందే చూరు కింద, పెరటి మూలల్లో తిరిగి గూళ్లను పుల్లకు చుట్టి పెట్టుకుంటారు. చిన్నప్పటి నుంచీ అది అలివేలు పనే. దానికీ ఒక నీతి ఉంది. ఎండిపోయి దుమ్ము పట్టిన గూడు తియ్యాలి. పురుగు లోపల కాపురమున్న గూడు తియ్యరాదు. అందులోనూ నేల బొరియల్లో, గుట్ట బండల సందుల్లో, తాటి తొర్రల్లో, పాడుబడ్డ బావి ఒరల్లో ఉండే పెద్ద బొచ్చు సాలెపురుగు జోలికి అసలే పోరాదు. అరచెయ్యంత ఉంటుంది. బూడిద రంగు. బెదిరిస్తే పారిపోదు, ముందరి కాళ్లు రెండూ పైకెత్తి నిలబడుతుంది. కాళ్ల కింద పసుపు పూసినట్టు ఉంటుంది. అది కరిచిన మనిషి చావడు గాని ఒళ్లు కొయ్యబారి దినాల తరబడి పళ్లు కొరుక్కుంటూ పడి ఉంటాడని వీరమ్మ చెప్పేది.

అలివేలు పుల్ల వంక చూసింది. గూళ్లన్నీ గొర్లకే సరిపోయాయి. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ పనిలో పడింది.

మధ్యాహ్నం వాగు దిక్కు నుంచి తుపాకి చప్పుళ్లు వినిపించాయి. వీరమ్మ తల ఎత్తలేదు. అలివేలు కత్తెర మాత్రం ఆగింది.

ఆమె తమ్ముడు బక్కయ్య సంఘం చీటీలు మోస్తాడు. ఆ సంగతి అక్కకు తెలుసని వాడికి తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. వాళ్లమ్మ పోయినప్పుడు వాడింకా పాకడం నేర్వలేదు. అలివేలే ఎత్తుకు తిరిగింది. నాలుగేండ్ల వయసులో వాడు, గొర్రెపిల్లల చెవులకు గుర్తు కోస్తుంటే చూసి, "నాకు గూడ కొయ్యి అక్కా, తప్పిపోతే దొరుకుత," అని ఏడ్చాడు. ఆటకు కత్తెర పెట్టింది. నిజంగానే తెగింది. ఎడమ చెవి అంచున చిన్న గాటు ఇప్పటికీ ఉంది.

మునిమాపు వేళ ఆముదం చేను కదిలింది. గాలి లేదు. చేను ఒక్కచోటే కదిలింది.

"అక్కా... జర నీళ్లు."

బక్కయ్య. తొడ కండ చీలిపోయి ఉంది. గుండు తగిలి దూసుకుపోయింది. ధోతి ముద్దయి నల్లగా కనిపిస్తోంది. వీరమ్మ వెళ్లి దొడ్డి తడిక తీసింది.

వాళ్ల పాతర దొడ్డి కిందనే ఉంది. జొన్నలు పోసుకునే పాతరను ఇంటి ముందర తవ్వితే సర్కారు ధాన్యం వసూలుకు వచ్చేవాళ్ల కంట పడుతుందని బీరయ్య తాత గొర్ల కాళ్ల కింద తవ్వించాడు. మూతి మనిషి దూరేంత, కడుపు పెద్ద కాగులా వెడల్పు. మూతికి బండ, బండ మీద పెంటికలు, ఆ పైన గొర్లు. ఈ ఏడు పాతర ఖాళీ. జొన్నలన్నీ ముందే పోయాయి.

బండ జరిపి, ఎప్పటి మాదిరి ముందు కందిలి దించారు. గాలి చెడి ఉంటే దీపం ఆరిపోతుంది. దీపం ఊగింది. చిన్నదయింది. ఆరలేదు. బక్కయ్యను గొంగట్లో కూర్చోబెట్టి తాడుతో దించి, వెనకనే అలివేలు నిచ్చెన దిగింది.

లోపల పాత జొన్నల ముక్కవాసన. దాని కింద ఇంకో వాసన, తడిసిన ఉన్ని ఆరనట్టు. పైన గొర్లు అటూ ఇటూ తిరుగుతుంటే ఆ చప్పుడు మట్టిలోంచి గుండె కొట్టుకున్నట్టు దిగుతోంది. అలివేలు తమ్ముని తొడను రెండు చేతులా అదిమి పట్టింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారుతూనే ఉంది. గుడ్డ కట్టింది. గుడ్డ తడిసింది. ఇంకో గుడ్డ. అదీ తడిసింది.

"అక్కా, సలి పెడ్తుంది."

"మాట్లాడకురా."

"నేను సస్తనా?"

ఆమె గోడ వంక చూసింది. పేడతో అలికిన గోడ ఒకచోట పగిలి ఉంది. ఆ పగులులో తెల్లగా, చెయ్యి దూర్చే అంగీ చేతిలాగా, దట్టమైన గూడు. ఇన్ని చూరు గూళ్లు ఉండ చేసినా అంత రాదు. దాని మూతి దగ్గర బూడిద రంగు కాళ్లు మడుచుకుని కూర్చుని ఉంది అది.

అలివేలుకు నీతి గుర్తుంది. గుర్తుండి కూడా పుల్ల పెట్టి నెట్టింది. అది ముందరి కాళ్లు ఎత్తింది. పసుపు మెరిసింది. చిన్నగా, పచ్చి మిరపకాయ నూనెలో వేసినట్టు సుయ్యిమంది. మళ్లీ నెట్టింది. అది గోడ మీంచి జారి చీకట్లోకి పోయింది. ఎటు పోయిందో వెతికే తీరిక లేదు. గూడును మొదలు పట్టి గుంజితే మొత్తం ఒక్కటిగా ఊడి వచ్చింది. లోపలి వైపు వెచ్చగా ఉంది.

గాయంలో కుక్కి అదిమింది. నెత్తురు ఆగిపోయింది. తగ్గుతూ తగ్గుతూ ఆగడం కాదు. ఎవరో లోపలి నుంచి చెయ్యి అడ్డం పెట్టినట్టు ఒక్కసారి ఆగిపోయింది.

బక్కయ్య నిమ్మళంగా ఊపిరి వదిలాడు. అలివేలు వేళ్లకు అంటుకున్న తెల్లటి పోగును తెగిన తన చూపుడు వేలికి చుట్టుకుంది. పొద్దుటి నుంచి సలుపుతున్న వేలు చల్లబడింది.

పైకొచ్చి చెప్పింది. దాచలేదు. వీరమ్మ బండ జరుపుతూ అట్లనే ఆగింది.

"కాపురమున్న గూడా?"

"నెత్తురు ఆగలే అత్తా. ఏం జెయ్యమంటవ్?"

"ఏం జేస్తవ్ మరి," అంది వీరమ్మ. మళ్లీ, తనలో తాను అన్నట్టు, "ఇల్లు గుంజుకుంటే ఆమె ఎక్కడుంటది పిల్లా? ఏదో ఒక ఇల్లు సూసుకుంటది గద."

తెల్లారి అలివేలు దొడ్లోకి పోయేసరికి గొర్లన్నీ తడికకు ఆనుకుని ఒకదాని మీద ఒకటి ఎక్కినంత దగ్గరగా నిలబడి ఉన్నాయి. మధ్యలో బండ. బండ చుట్టూ గుండ్రంగా, గీత గీసినట్టు, ఖాళీ. రాత్రి చల్లిన పెంటికలు చల్లినట్టే ఉన్నాయి. ఒక్క గిట్ట గుర్తు లేదు.

పాతర కనపడకుండా ఉండాలంటే గొర్లు దాని మీద ఉండాలి. దూరం నుంచి చూసిన పసిపిల్లవాడికైనా ఆ గుండ్రం చూస్తే ఇక్కడేదో ఉందని తెలిసిపోతుంది. తుమ్మకాయలు తెచ్చి బండ మీద పోసింది. తుమ్మకాయలంటే గొర్లు ప్రాణం పెడతాయి. మూతులు చాపాయి, ముట్టలేదు. పొట్టేలును కొమ్ములు పట్టి గుంజుకొచ్చి నిలబెట్టింది. వణికింది. చెయ్యి వదిలీ వదలకముందే పోయి తడికకు కొట్టుకుంది.

బండ సందులోంచి బక్కయ్య గొంతు. "నొప్పి లేదక్కా."

"ఆకలయితుందా?"

"లేదు. కందిలి దించకు. కండ్లు మండుతున్నయ్."

మరుసటి మాపు ఆమె దిగింది. కందిలిని కొంగు చాటున పెట్టుకుంది. బక్కయ్య గోడకు ఒరిగి కూర్చున్నాడు, మొహం నీడలో ఉంది. తొడ మీద తాను పెట్టిన ఉండ ఇప్పుడు ఉండ కాదు. మోకాలు దాటింది. ఇటు పొట్ట దాకా వచ్చింది. నేసినట్టు సాఫుగా, తెల్లగా, తడిగా మెరుస్తోంది. అంచు పట్టుకుని గుంజబోయింది.

"గుంజకు," అన్నాడు. "గుంజితే నేను గూడ వస్త."

నవ్వుతూ అన్నాడనిపించింది. అలివేలు నిచ్చెన ఎక్కింది. ఎట్లా ఎక్కిందో తెలియదు, మోకాళ్లు చెక్కుకుపోయాయి. పైకొచ్చాక నిచ్చెన బయటికి లాగి పడేసింది. ఎందుకు లాగానని తనను తాను అడగలేదు.

అప్పట్నుంచి తాడుకు ముంత కట్టి గటక దించడమే. కాసేపటికి తాడు రెండుసార్లు కదిలేది. లాగితే ముంత ఖాళీ. తిన్న ముంతలా ఉండేది కాదు. అడుగున మెతుకు లేదు, తడి లేదు. అంచు నుంచి ఒక్క సన్నటి పోగు వేలాడుతూ ఉండేది.

ఊరు విడిచి తీసుకుపోదామంటే బాటలన్నీ మిలిటరీవి. డాక్టరును పిలుద్దామంటే డాక్టరు వెనక మిలిటరీ వస్తుంది. బీరయ్యకు కబురు పంపుదామంటే పట్టుకుపోయే మనిషి లేడు. రాత్రంతా అలివేలు కండ్లు తెరుచుకుని పడుకునేది. దొడ్లో గొర్లు నెమరు కూడా వెయ్యడం మానేశాయి. నెమరు చప్పుడు లేని దొడ్డి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో గొర్ల ఇంట పుట్టినవాళ్లకే తెలుస్తుంది.

సంత మరునాడు ఎండ నడినెత్తికొచ్చిన వేళ మిలిటరీ దిగింది. ముందర పటేల్ దగ్గర తిరిగే జంగయ్య, వాళ్లకు ఇండ్లు చూపిస్తూ, వాళ్ల హిందీ మాటలు తెలుగులో చెబుతూ. ఇల్లు చిందరవందర చేశారు. ఉన్ని మూటలు పొడిచారు. ఆఖరికి జంగయ్య దొడ్డి తడిక మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందే అలివేలూ, నీ గొర్లు బతుకమ్మ ఆడుతున్నయా? గట్ల గుండ్రంగ నిలవడ్డయి?"

"బొచ్చు తీసినం. సిగ్గుపడుతున్నయి," అంది వీరమ్మ.

జంగయ్య పండ్లు బయటపెట్టాడు. "సిగ్గు నడుమ ఏమున్నదో సూద్దాం పెద్దమ్మా."

అయిపోయిందనుకుంది అలివేలు. ఇద్దరు సిపాయిలు బండ జరిపారు. మీసాలాయన, వాళ్లలో పెద్దవాడు, బోర్లా పడుకుని బ్యాట్రీ లైటు లోపలికి పట్టి తల దూర్చాడు.

చాలాసేపు చూశాడు. లోపల మనిషి ఉంటే కేక వెయ్యాలి. లేకపోతే లేవాలి. ఆయన రెండూ చెయ్యలేదు. భుజాలు మాత్రం బిగుసుకున్నాయి... లైటు చేతిలోంచి జారి కింద మెత్తగా పడ్డ చప్పుడయింది. అప్పుడు లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. సిపాయిల కోసం ఆగకుండా తానే రెండు చేతులతో బండను మూతి మీదికి నెట్టి, సందు లేకుండా కాలితో తన్ని మూశాడు.

"ఖాలీ హై," అన్నాడు.

జంగయ్య లైటు సంగతి గుర్తుచేశాడు. ఆయన వినిపించుకోలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ బండి దారి పట్టాడు.

అలివేలు దొడ్లోనే కూలబడింది. తమ్ముడు దక్కాడు. దక్కాడని సంతోషించాలి. సంతోషం రాలేదు.

పొద్దు గుంకింది. వీరమ్మ దొడ్డివైపు తలుపు వేసుకుని లోపలికి పోయింది. అలివేలు గాలి కోసం బండను పలుగుతో కాస్త జరిపింది. సందులోంచి సన్నటి వెలుగు. సిపాయి బ్యాట్రీ ఇంకా వెలుగుతూనే ఉంది.

వెలుగు కదిలింది.

గోడ వెంట మెల్లగా తిరుగుతోంది. కింది నుంచి పైకి. పై నుంచి పక్కకు. మళ్లీ కిందికి. పాతర గోడ లోపలికి వంగి ఉంటుంది, కాళ్లు బాగున్న మనిషి కూడా ఎక్కలేడు. వెలుగు మూతికి దగ్గరగా వచ్చింది... ఆగింది... బండకు ఆ వైపు, ఆమె మొహానికి జానెడు దూరంలో.

"పోయిండ్రా?" అంది గొంతు.

"పోయిండ్రు."

"గటక తెచ్చినవా?"

తమ్ముని గొంతే. చిన్నప్పుడు జ్వరమొస్తే మూలిగే తీరు కూడా అదే. అయినా అడిగింది. అమ్మ పోయిన నాడు జరిగింది అడిగింది, ఎందుకంటే అది వాడు చెప్పలేడు. చెప్పలేకపోతే బాగుండుననుకుంది.

"అమ్మ సచ్చిపోయిన దినం నేనేం వండిన్రా?"

లోపల ఏదో మెత్తగా సర్దుకుంది. ఒక కాలు కాదు, చాలా కాళ్లు సర్దుకున్నట్టు.

"గటక. మాడింది. నాయిన సూస్తే కొడ్తడని పొయ్యెనక పూడ్సిపెట్టినవ్."

నిజమే. ఎవరూ చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. బక్కయ్య అప్పుడు చాప మీద బోర్లా పడి ఏడుస్తున్న పసిగుడ్డు.

ఆమె ముంత దించింది. చెయ్యి దానంతటదే దించింది.

తెల్లారి ఉన్ని కొనే మోతీలాల్ బండి వచ్చింది. పక్క తండా మనిషి. కోదాడ నూనె మిల్లు సేటు ఉన్ని బేరం కూడా చేస్తాడు, ఆయనకు మూటలు చేర్చడం మోతీలాల్ పని. అలివేలు తానూ వస్తానంది. కోదాడలో టించర్ సీసా, దూది కొనాలి. గాయం మీద మందు పోస్తే ఆ తెల్లది ఊడుతుందేమో. తమ్ముడు అందులో ఉంటే బయటపడతాడేమో. అదొక్కటే ఆశ.

"అత్తా, పగటికి ముంత దించు."

"నేను దించ," అంది వీరమ్మ. "ఆకలైతే ఆమెనే వస్తది."

బండి కోదాడ బాట ఎక్కింది. దారి పక్కన టెలిఫోన్ తీగ ఎండలో మెరుస్తూ తోడొస్తోంది. మోతీలాల్ ఎడ్లను అదిలిస్తూ ఊరి సంగతులన్నీ చెప్పుకొచ్చాడు. చివర్న అన్నాడు:

"సూర్యాపేట దవాఖానల ఒక పిల్లగాడున్నడు చెల్లె. నిన్న మూటలు దించుతుంటే మిల్లుల అనుకుంటున్నరు. మోతె వాగు కాడ దొరికిండంట మిలిటరీకి. తొడకు గుండు దెబ్బ. ఒళ్లంత పచ్చి దూది సుట్టినట్టు ఏందో ఉన్నదంట, డాక్టర్లు గీకి గీకి తీస్తున్నరు. పేరు చెప్పడు. మాట లేదు."

అలివేలు ఉన్ని మూటను పట్టుకుంది. "ఎప్పుడు దొరికిండంట?"

"అది తెల్వదు. ఎడమ చెవికి మాత్రం గొర్రెకు కోసినట్టు గాటున్నదంట. అందుకే గొర్ల కాపరి అయ్యుంటడంటున్నరు. సొంతోళ్లెవ్వరు రాలే. రాకపోతే ఇగ వాణ్ని లారీల ఎక్కించి ఎటో తీస్కపోతరంట. ఎటని ఎవ్వర్ని అడుగుతం?"

తప్పిపోతే దొరుకుత.

వాడు దవాఖానలో ఉంటే పాతరలో ఎవరు? బండ మీద కాపలా కాసింది తనే. నిచ్చెన లాగేసింది తనే. ఎట్లా పోయాడు? ఏనాడు పోయాడు? మొదటి మాపు ఆముదం చేలోంచి వచ్చినవాని ఎడమ చెవి తాను చూసిందా? పాతరలో కందిలి వాని కుడి పక్కన ఉంది. మొహం నీడలో ఉంది. చూడలేదు.

మిల్లు ఆవరణలో బండి ఆగింది. సేటు లేడు. ఆఫీసు గదిలో గోడకు నల్లటి ఫోన్. మోతీలాల్ ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు.

"నాకు ఎరుకైంది చెల్లె. గుమాస్తా మావోడే. సూర్యాపేట దవాఖానకు కలుపుతడు. నువ్వొక్క మాట చెప్తే చాలు. పేరు చెప్తే పిల్లగాడు నిలుస్తడు."

"నేను ఫోన్ చెయ్య."

"తమ్ముడు గాదా?"

"తెల్వదన్నా."

నిజంగానే తెలియదు. పేరు చెబితే మిలిటరీ ఇంటికొస్తుంది, ఈసారి పాతర తవ్వుతుంది. కింద ఉన్నది బక్కయ్యే అయితే కాల్చి పారేస్తారు. చెప్పకపోతే దవాఖానలోవాణ్ని లారీ ఎక్కిస్తారు. వాడు బక్కయ్య అయితే ఆ చెవి గాటు ఇక ఎవరికీ గుర్తు కాదు. ఎటు అడుగు వేసినా ఒక తమ్ముడు పోతాడు. వెయ్యకుండా కూర్చుంది. గానుగ పిండి వాసన వస్తున్న ఆ ఆవరణలో, వేప నీడన, టించర్ సంగతి కూడా మరిచిపోయి కూర్చుంది. మోతీలాల్ రెండుసార్లు వచ్చి చూసి పోయాడు.

మిట్టమధ్యాహ్నం ఎవరిదో మంద మిల్లు గేట్లోంచి నీడ కోసం లోపలికొచ్చింది. గొర్లను చూస్తే ప్రాణం లేచొచ్చింది అలివేలుకు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన. అవి తోసుకుంటూ, బెబ్బెమంటూ వేపచెట్టు కిందికి వచ్చాయి. ముందరి గొర్రె ఆగింది. వెనకవి దాన్ని గుద్దుకుని ఆగాయి. తర్వాత, ఎవరో అదిలించినట్టు, రెండు పాయలుగా చీలి గోడల వెంట సర్దుకున్నాయి. ఒక్కటి కూడా అరవలేదు.

మధ్యలో అలివేలు. చుట్టూ గుండ్రంగా, గీత గీసినట్టు, ఖాళీ.

కాపరి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఆమె తల వంచి తన చెయ్యి చూసుకుంది. చూపుడు వేలికి చుట్టుకున్న పోగు... ఆ రోజే ఊడిపోయిందనుకుంది. ఊడలేదు. గాజుల కిందికి పాకి, ముంజేతి మీద తెల్లగా, సాఫుగా పరుచుకుని ఉంది. గోటితో గీకింది. నొప్పి లేదు. ఇన్ని రోజులుగా నొప్పి లేదు.

వేలి కొన నుంచి ఒక దారం. ఎండ పడితేనే కనపడేంత సన్నటిది. నేలకు జానెడు ఎత్తున సాగి మిల్లు గేటు దాటింది. బండి వచ్చిన దారినే, మోతె దిక్కుకు, కనుచూపు మేర మెరుస్తూ పోయింది. బిగుతుగా ఉంది. తీగకు వేలు తగిలితే మోగినట్టు సన్నగా వణుకుతోంది. అటు కొసన ఎవరో పట్టుకుని కూర్చున్నట్టు.

పొద్దు నడినెత్తి దాటింది. ఇంటి దగ్గర ముంత దించే వేళ అది. అత్త దించదు.

అటు కొసన ఉన్నది తమ్ముడు కాదని అలివేలుకు తెలిసిపోయింది. లేచి నిలబడింది. గొర్లు గోడలకు ఇంకా అతుక్కుపోయాయి.

"మోతీలాలన్నా," అని పిలిచింది. గొంతు తనదిలా లేదు. "ఫోన్ కలుపుమను. సూర్యాపేట దవాఖానకు. నా తమ్ముని పేరు చెప్త."

ఆ మాట నోట్లోంచి వచ్చీరాగానే దారం వదులైంది. మెల్లగా వంగి నేలను తాకింది. తర్వాత ఇంకొంచెం వదులైంది. ఆ తర్వాత ఇంకొంచెం.

అటు కొసన కూర్చున్నది లేచి, నడవడం మొదలుపెట్టినట్టు.